గేటు మోటారుకూ సెల్‌ఫోనుకూ మధ్య రెండు తీగలు

ఉప్పల్, హబ్సిగూడ, నాచారం, మల్లాపూర్ ప్రాంతాలలో మనవాళ్ళు చాలామంది సర్వీసులో ఉండగానే స్థలాలు కొని, అప్పులు పెట్టి, ఒక్కొక్క గది వేసుకుంటూ ఇళ్ళు కట్టుకున్నారు. ఆనాడు ఇంటికి రెండు రెక్కల ఇనుప గేటు, దానికొక గొళ్ళెం, ఒక తాళంకప్ప ఉంటే చాలు. స్కూటరు లోపల పెట్టి గొళ్ళెం వేస్తే ఆ రోజు ముగిసినట్లే. తరువాత స్కూటరు ఉన్నచోటికి కారు వచ్చింది. పక్కకు జరిపే పెద్ద గేటు వచ్చింది. మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. వాటి వెనుకే గేటు తీసే మోటారు కూడా వచ్చింది.

పిల్లలు దూరదేశాలలో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసులో ఏవో పరికరాలు తెచ్చి, ఇంట్లోని దీపాలు, ఫ్యాన్లు, కెమెరాలు అన్నీ ఫోనుకు కలిపి వెళుతున్నారు. దీనినే స్మార్ట్ హోమ్ అంటున్నారు. అర్ధరాత్రి అమ్మకో నాన్నకో ఒంట్లో బాగాలేకపోతే అక్కడి నుంచే గేటు తీయవచ్చు, పక్కింటివారు లోపలికి రాగలుగుతారు అన్నది వారి ఆలోచన. ఆలోచన మంచిదే. కాని గేటు మోటారు ఒక కంపెనీది, ఇంట్లోని ఏర్పాటు మరొక కంపెనీది. ఒకదాని భాష మరొకదానికి రాదు. దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, గేటు మాత్రం కదలదు.

ఈ పేచీ ఎక్కడ పుట్టింది, దీనికి మందు ఏమిటి అన్నది తెలియాలంటే కొంత చరిత్ర చూడాలి. ఆ చరిత్ర మన సభ్యులకు పూర్తిగా కొత్తది కాదు. రిలే, స్విచ్చి, ప్యానెల్ బోర్డు అన్న మాటల మధ్య ఉద్యోగ జీవితం గడిపినవారు ఈ చుట్టుపక్కల తక్కువేమీ కాదు.

పట్టాలు కలవని ఊరు

రెండు ఏర్పాట్లు ఒకదానితో ఒకటి కలవకపోవడం మన ఊరికి రైలుతోనే అనుభవమైంది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన నిజాం రైలుమార్గం బ్రాడ్‌గేజి. అంటే పట్టాల మధ్య దూరం ఐదడుగుల ఆరంగుళాలు, నేటి కొలతలో 1676 మిల్లీమీటర్లు. తరువాత గోదావరి లోయ మీదుగా మన్మాడు వైపు వేసిన మార్గం మీటరుగేజి, 1000 మిల్లీమీటర్లు. రెండు మార్గాలూ ఒకే సంస్థానంలోవి. రెండింటి మీదా నడిచేది ఆవిరి ఇంజనే. అయినా ఒకదాని డబ్బా రెండోదాని మీదికి ఎక్కదు. గేజి మారే చోట హమాలీలు ఒక డబ్బాలోని బస్తాలు దించి మరొక డబ్బాలోకి ఎక్కించవలసిందే. సరుకు ఆలస్యం, కూలి అదనం, దారిలో నష్టం వేరు.

దేశమంతటా ఈ తేడాను తొలగించడానికి రైల్వేశాఖ 1992లో ఏక గేజి పథకం చేపట్టింది. వందేళ్ళు పైబడిన ఇబ్బందికి విరుగుడుగా పట్టాలు పీకి మళ్ళీ వేయవలసి వచ్చింది. మొదటే ఒక కొలతకు ఒప్పుకుని ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన కళ్ళ ముందే ఉన్నది. 2017 నవంబరులో నాగోలు నుంచి ఉప్పల్, హబ్సిగూడ మీదుగా మెట్రో నడక మొదలైంది. దాని పట్టాలు మూడో కొలత, 1435 మిల్లీమీటర్లు. రైలు పెట్టెలు కొరియాకు చెందిన హ్యుందాయ్ రోటెమ్ చేసినవి. సిగ్నల్ ఏర్పాటు థేల్స్ కంపెనీది. చేసినవారు వేరు, దేశాలు వేరు. అయినా రైలు ఆగవలసిన చోట ఆగుతుంది. ఎందుకంటే ఏ తీగ ఎక్కడ కలవాలి, ఏ సంకేతానికి ఏ అర్థం అన్నది పని మొదలు కాకముందే కాగితం మీద రాసుకున్నారు. ఇళ్ళలో వాడే సామానుకు అటువంటి కాగితం చాలాకాలం ఎవరూ రాయలేదు. మన గేటు కథ అంతా అక్కడి నుంచే వచ్చింది.

తలుపు తీసే యంత్రం

ఆరు నెలలకని అమెరికా వెళ్ళి వచ్చిన సభ్యులకు అక్కడి గ్యారేజి తలుపు తెలిసే ఉంటుంది. పలకలు పలకలుగా ఉండి పైకప్పు కిందికి వెళ్ళిపోతుంది. ఆ పైకి లేచే తలుపును 1921లో సి.జి. జాన్సన్ అనే ఆయన రూపొందించాడు. 1926లో దానికి విద్యుత్ మోటారు కూడా అమర్చాడు. నాచారం పారిశ్రామికవాడ షెడ్లలో గొలుసు లాగి ఎత్తే షట్టరును చూసినవారికి ఆ మోటారు ఎంత శ్రమ తగ్గించిందో చెప్పనక్కరలేదు.

మొదట మోటారుకు గోడమీద ఒక బటన్ మాత్రమే ఉండేది. దాని నుంచి రెండు తీగలు మోటారుకు వెళ్ళేవి. బటన్ నొక్కితే ఆ రెండు తీగలు కలుస్తాయి, మోటారు తిరుగుతుంది. అంతే. కారు దిగకుండా తలుపు తీయాలన్న కోరిక నుంచి రేడియో రిమోటు పుట్టింది. తొలి రిమోట్లకు గుర్తింపు అంటూ ఏమీ లేదు. ఒకరు తమ రిమోటు నొక్కితే పక్కింటి తలుపు కూడా లేచేది. అందుకని రిమోటులోనూ మోటారులోనూ చిన్న చిన్న మీటలు పెట్టారు. పది మీటలను పైకో కిందికో పెట్టి 1024 రకాల గుర్తులు చేసుకోవచ్చు. రెండు చోట్లా ఒకే వరస ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

ఈ గుర్తు ఎప్పటికీ మారదు కనుక దొంగ ఒకసారి ఆ సంకేతాన్ని పట్టి దాచుకుంటే మళ్ళీ పంపి తలుపు తీయగలడు. దానికి విరుగుడుగా 1990లలో మారే గుర్తు వచ్చింది. ప్రతి నొక్కుకూ గుర్తు మారిపోతుంది. నిన్నటి గుర్తు ఈరోజు పనికిరాదు. భద్రత పెరిగింది. కాని అదే మార్పుతో మరొక కంపెనీ పరికరం ఆ మోటారుతో మాట్లాడే వీలు తగ్గింది. తాళం గట్టిపడిన కొద్దీ తాళంచెవి తయారుచేసే హక్కు ఒక్క కంపెనీకే మిగిలింది.

మరొక సంగతి కూడా చెప్పాలి. దిగుతున్న తలుపు కింద పిల్లలు నలిగి చనిపోయిన దుర్ఘటనలు అమెరికాలో జరిగాయి. 1993 నుంచి అక్కడ తయారయ్యే ఇళ్ళ గ్యారేజి యంత్రాలకు అడ్డు తగిలితే వెనక్కి వెళ్ళే ఏర్పాటుతో పాటు, అడ్డును ముందుగా పసిగట్టే కాంతి కన్ను వంటి మరొక రక్షణ కూడా ఉండాలని చట్టం చేశారు. గేటును దూరం నుంచి నడపాలనుకునే ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవలసిన విషయం ఇది.

ఇంటిని నడిపే యంత్రం

గేటు కథ ఇలా ఉండగా ఇంటి లోపలి కథ వేరుగా నడిచింది. 1975లో స్కాట్లండులోని పికో ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ ఎక్స్-10 అనే పద్ధతి తయారుచేసింది. ఇంట్లో ఉన్న కరెంటు తీగల గుండానే చిన్న సంకేతాలు పంపి దీపాలు వెలిగించడం, ఆర్పడం దాని పని. తరువాతి తరంలో తీగలు పోయి రేడియో వచ్చింది. జిగ్‌బీ, జడ్-వేవ్, వైఫై అని పేర్లు పెరిగాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క భాష.

వీటిలో జడ్-వేవ్ పరికరాలు మన పిల్లలు సూట్‌కేసులో తెచ్చేటప్పుడు ప్రత్యేకించి ఇబ్బంది పెడతాయి. అమెరికాలో అది 908.42 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఇచ్చినది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ పట్టీ. అందుచేత ఇక్కడి జడ్-వేవ్ పరికరాలను 865.2 మీద పనిచేసేలా చేశారు. పేరు ఒకటే, డబ్బా మీది గుర్తు ఒకటే, అయినా అక్కడిదీ ఇక్కడిదీ ఒకదాన్నొకటి వినలేవు. రేడియోలో విజయవాడ స్టేషను పెట్టి హైదరాబాదు కార్యక్రమం రావడం లేదే అనుకున్నట్లే ఉంటుంది. గేటు రిమోట్లదీ ఇదే సంగతి. అమెరికాలో 315, 390 మెగాహెర్ట్జ్ ఎక్కువ. ఇక్కడ దొరికేవి సాధారణంగా 433.92 మెగాహెర్ట్జ్.

కరెంటు తేడా సరేసరి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230 వోల్టులు. పరికరం అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉంటేనే మన ప్లగ్గులో పెట్టాలి. 120 అని మాత్రమే ఉంటే పెట్టిన క్షణంలో కాలిపోతుంది. ఇంటిని నడిపే యంత్రాన్ని మన దేశంలో కొనడమే అన్ని విధాలా మేలు.

రెండు తీగల మార్గం

ఇన్ని తేడాల మధ్య గేటునూ ఫోనునూ కలపడం ఎలా? మోటారు పుట్టినప్పటి ఆ గోడ బటన్ దగ్గరకే తిరిగి వెళ్ళాలి. దానికి సాయం చేసేది రిలే. 1835 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చేసిన సాధనం అది. ఒక తీగచుట్టలో కొద్దిపాటి కరెంటు పోతే అది అయస్కాంతమై ఒక మీటను లాగుతుంది. ఆ మీట వేరే రెండు తీగలను కలుపుతుంది. ఈ వైపు కరెంటుకూ ఆ వైపు కరెంటుకూ సంబంధం లేదు. ఎవరి ఇంట్లో వారుండి, మధ్యలో మాట మాత్రం చేరవేసినట్లు.

పాత టెలిఫోను ఎక్స్ఛేంజీలలో టకటకమని కొట్టుకున్నవి రిలేలే. రైల్వే సిగ్నల్ క్యాబిన్లలో ఒక దారి తెరిస్తే ఎదురుదారి మూసినవీ రిలేలే. 1967లో డాక్టర్ ఎ.ఎస్. రావు గారి నాయకత్వంలో మనకు ఆనుకుని కుషాయిగూడ పక్కన మొదలైన ఈసీఐఎల్, అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు చేసి ఇచ్చింది. అటువంటి ప్యానెళ్ళలో పనిచేసినవారికి పొటెన్షియల్ ఫ్రీ కాంటాక్టు అన్న మాట కొట్టినపిండి. అంటే తన సొంత వోల్టేజి ఏదీ లేకుండా కేవలం కలవడం, విడిపోవడం మాత్రమే చేసే రెండు కొనలు. ఏ దేశపు యంత్రాన్నయినా ఏ దేశపు యంత్రానికైనా కలపడానికి కర్మాగారాలలో దీనిని మించిన ఉమ్మడి భాష లేదు. దీనిని వాడుకలో డ్రై కాంటాక్టు అంటారు.

గేటు మోటారు బోర్డు మీద కూడా ఈ కొనలు సాధారణంగా ఉంటాయి. కామన్ అనీ, స్టార్ట్ అనీ, లేదా పి.బి. అనీ గుర్తులు ఉంటాయి. వాటికి ఒక వైఫై రిలేను కలిపితే సరి. ఫోనులో నొక్కగానే రిలే ఒక్క సెకను పాటు ఆ రెండు తీగలను కలిపి వదులుతుంది. గోడ బటన్ ఎవరో నొక్కారని మోటారు అనుకుంటుంది. దానికి ఫోను భాష రానక్కరలేదు. ఫోనుకు మోటారు భాష రానక్కరలేదు. రిమోటు మామూలుగానే పనిచేస్తుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది, బజారులో దొరికే కొన్ని స్మార్ట్ రిలేలు తమ కొనల గుండా 230 వోల్టులు బయటికి పంపుతాయి. దీపానికి అవి సరిపోతాయి. గేటు బోర్డుకు కలిపితే బోర్డు కాలిపోతుంది. డ్రై కాంటాక్టు ఉన్నదే కావాలని అడిగి తీసుకోవాలి. రెండవది, రిలే ఒక్క సెకనుకు వదిలేలా అమర్చాలి. పట్టుకునే ఉంటే ఎవరో బటన్ మీద వేలు తీయకుండా నిలబడ్డారని మోటారు అనుకుంటుంది. మూడవది అన్నిటికన్నా ముఖ్యం. చాలా మోటార్లలో ఒకే బటన్ తీయడానికీ, ఆపడానికీ, మూయడానికీ పనిచేస్తుంది. గేటు ఇప్పుడు తెరిచి ఉన్నదో మూసి ఉన్నదో ఆ రెండు తీగలు చెప్పలేవు. తీస్తున్నాననుకుని దూరాన ఉన్న కొడుకు గేటు మూసేయవచ్చు. అందుచేత గేటు చివర ఒక అయస్కాంతపు స్విచ్చి పెట్టి, గేటు స్థితి ఫోనులో కనిపించేలా చేసుకోవాలి.

బోర్డు మీద కొనలు లేకపోతే ఇంకొక ఉపాయం ఉన్నది. అదనపు రిమోటు ఒకటి విప్పి, దాని బటన్ రెండు కొనలకు తీగలు టంకం వేసి, ఆ తీగలను రిలేకు కలుపుతారు. రిలే నొక్కితే రిమోటు నొక్కినట్లే. చూడడానికి మోటుగా ఉంటుంది కాని మారే గుర్తు ఉన్న మోటార్లకు కూడా పనిచేస్తుంది. టంకం పని తెలిసిన మెకానిక్కు ఇది పెద్ద పనికాదు.

ఆ దారి కూడా మూసుకుంటే

ఈ రెండు తీగల మార్గాన్ని కూడా కొందరు మూసివేశారు. అమెరికాలో గ్యారేజి యంత్రాల పెద్ద తయారీదారు ఛాంబర్లేన్. 2011 తరువాత వచ్చిన దాని కొత్తరకం యంత్రాలలో గోడ బటన్ నుంచి వచ్చే రెండు తీగల మీద కూడా రహస్య సంకేతాలే నడుస్తాయి. కొనలు ఊరికే కలిపితే అవి పలకవు. యంత్రాన్ని ఫోనుతో నడపడానికి ఆ కంపెనీ మైక్యూ అనే తన సొంత ఏర్పాటు ఇచ్చింది. ఆజ్ఞ ఇంట్లోంచి ఇంట్లోకి పోదు. ఇంటర్నెట్ మీదుగా కంపెనీ కంప్యూటరుకు వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి.

2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడేవారు మైక్యూను కూడా తమ ఇంటి ఏర్పాటుకు కలుపుకున్నారు. 2023లో కంపెనీ తన అనుమతి లేని బయటి కలయికలను ఆపివేసింది. ఆ ఏడాది డిసెంబరులో హోమ్ అసిస్టెంట్ మైక్యూ భాగాన్ని తీసివేయవలసి వచ్చింది. ఆ పద్ధతిలో కలుపుకున్నవారు తమ సొమ్ముతో కొన్న తలుపును తమకు నచ్చిన విధంగా తీసుకోలేకపోయారు. తలుపు చెడిపోలేదు, మోటారు చెడిపోలేదు. అనుమతి ఒక్కటే పోయింది. ఔత్సాహికులు ఊరుకోలేదు. ఆ తీగల మీది రహస్య భాషను నేర్చుకుని, మోటారు పక్కనే పెట్టుకునే చిన్న బోర్డులు తయారుచేసుకున్నారు. ఈసారి ఇంటి మాట ఇంట్లోనే ఉండేలా చేసుకున్నారు.

కంపెనీలకూ ఉమ్మడి భాష అవసరం ఆలస్యంగానైనా తెలిసింది. ఆపిల్, గూగుల్, అమెజాన్ మొదలైనవి 2019 డిసెంబరులో ఒక ఒప్పందానికి వచ్చాయి. దాని ఫలితంగా 2022 అక్టోబరులో మ్యాటర్ అనే ప్రమాణం వెలువడింది. దీపాలు, స్విచ్చులు, తాళాలు అందులో మొదటే చేరాయి. గేట్లు, గ్యారేజి తలుపుల వంటి వాటికి 2025 నవంబరులో వచ్చిన సవరణలో చోటు దొరికింది. అయితే ప్రమాణం వచ్చినంత మాత్రాన మన గోడలో బిగించి ఉన్న మోటారు మారిపోదు. పాత మోటారుకు రెండు తీగలే గతి. అది నామోషీ కాదు, నమ్మకమైన దారి.

కొనేముందు అడగవలసినవి

గేటు మోటారు కొనదలచినవారు కంపెనీ పేరుకంటే ముందు కొన్ని ప్రశ్నలు అడగడం మంచిది. బోర్డు మీద పుష్ బటన్ కొనలు ఉన్నాయా? వాటిని ఊరికే కలిపితే గేటు కదులుతుందా? బిగించేవారి చేత ఒక చిన్న తీగముక్కతో కలిపించి చూపించమని అడగండి. అర నిమిషం పని. ఇంటర్నెట్ లేకపోయినా రిమోటు, గోడ బటన్ పనిచేస్తాయా? గేటు దారిలో కాంతి కన్ను పెడుతున్నారా? ఎవరూ చూడకుండా దూరం నుంచి గేటు మూసేటట్లయితే కదిలే ముందు మోగే గంట, వెలిగే దీపం కూడా ఉండాలి. మనవలు గేటు దగ్గర ఆడుకుంటారు.

అన్నిటికంటే ముందు అడగవలసింది మోటారును గేటు నుంచి విడదీసే తాళంచెవి గురించి. కరెంటు పోయినా, వైఫై పోయినా, ఫోను పోయినా ఆ చెవి తిప్పితే గేటును చేత్తో జరపవచ్చు. మోటారు పెట్టె లోపలివైపు ఉంటుంది కనుక బయటి నుంచి వచ్చే మనిషికి చిన్న వాకిలి తలుపు కూడా ఉండాలి. ఆ చెవి ఇంట్లో ఎక్కడ ఉన్నదో భార్యాభర్తలిద్దరికీ తెలియాలి. చిన్న వాకిలి తాళం మారుచెవి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఒకటి ఉంచాలి. అర్ధరాత్రి అంబులెన్సు వచ్చినప్పుడు డాలస్‌లో ఉన్న కొడుకు ఫోను ఎత్తే వరకూ స్ట్రెచరు గేటు బయట ఆగకూడదు.

పిల్లలు చేసే ఏర్పాట్లను కాదనవలసిన పనిలేదు. ప్రేమతో చేస్తున్నారు, వాటితో నిజంగా ఉపయోగం ఉన్నది. అయితే బిగించే రోజున దగ్గరుండి, ఏ తీగ ఎక్కడ కలిసిందో ఒక కాగితం మీద బొమ్మ వేయించి మోటారు పెట్టెలోనే పెట్టించండి. రేపు మరొక మెకానిక్కు వచ్చినా ఆ కాగితం చూసి పని చేయగలడు. ఫోను వాడుకపేరు, రహస్య పదం కూడా ఇంటి పత్రాలతో పాటు రాసి భద్రపరచండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ప్యానెలుకూ డ్రాయింగు ఉండాలని పట్టుపట్టినవాళ్ళం. సొంత ఇంటి గేటుకు ఆ ఒక్క డ్రాయింగు వేయించుకోవడానికి బద్ధకించకూడదు.